కథ కంచికి చేరకముందే ముగింపు జోస్యాలు

వెదురు పొదల నడుమ ఒక మనిషి వెల్లకిలా పడి ఉన్నాడు. ఉలిక్కిపడి కన్ను తెరిచాడు. పక్కనుంచి ఒక కుక్క వెళ్ళిపోయింది. లేచి, తూలుతూ సముద్రపు ఒడ్డుకు పరుగెత్తి చూస్తే ముక్కలైన విమానం, ఇంకా తిరుగుతున్న ఇంజను, ఎటు చూసినా హాహాకారాలు.

అమెరికాలో 2004 సెప్టెంబరు 22 రాత్రి ఏబీసీ టెలివిజన్‌లో 'లాస్ట్' అనే సీరియల్ ఇలా మొదలయింది. దారితప్పినవారు, తప్పిపోయినవారు అని ఆ పేరుకు అర్థం. 2010 మే 23న ఆఖరి భాగం ప్రసారమయింది. ఈ రెండు తేదీల మధ్య చూసేవారు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఈ కథ ఎక్కడ తేలుతుంది? అసలు సంగతేమిటి? అంటూ ఎవరికి వారే ముగింపు రాసుకున్నారు. కాగితాల మీద లెక్కలు వేశారు. ఇంటర్నెట్‌లో వాదులాడుకున్నారు. చివరికి కథ ముగిసిన రాత్రి కొందరు కన్నీళ్ళు పెట్టుకుంటే, మరికొందరు ఆరేళ్ళు వృథా అయ్యాయని మండిపడ్డారు.

ఒక టీవీ కథకు ఇంత గొడవ ఎందుకని అనిపించవచ్చు. కానీ 2015 జూలైలో 'బాహుబలి' మొదటి భాగం విడుదలయ్యాక, కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న తెలుగునాట ఎన్ని రచ్చబండల మీద నలిగిందో గుర్తు చేసుకుంటే ఆశ్చర్యం ఉండదు. 2017 ఏప్రిల్‌లో రెండో భాగం వచ్చేదాకా టీ కొట్ల దగ్గర తలో కారణం చెప్పినవారే. అయితే అక్కడున్నది ఒకే ఒక్క ప్రశ్న. 'లాస్ట్' కథలో అలా కాదు. వారానికో కొత్త ప్రశ్న పుట్టేది. పాత ప్రశ్న పాతదిగానే ఉండిపోయేది.

దీవిలో ఏముంది?

ఆస్ట్రేలియాలోని సిడ్నీ నుంచి అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌కు బయలుదేరిన 815 నంబరు విమానం గాలిలోనే విరిగి, పసిఫిక్ మహాసముద్రంలో ఒక దీవి మీద పడుతుంది. విమానం మధ్యభాగంలో ఉన్నవారిలో 48 మంది బతుకుతారు. తోకభాగంలోనూ కొందరు బతికారని తర్వాత తెలుస్తుంది. వీరిలో డాక్టరున్నాడు, దొంగ ఉన్నాడు, పోలీసుల కళ్ళుగప్పి తిరిగిన స్త్రీ ఉంది, ఇరాక్ సైన్యంలో పనిచేసిన మనిషి ఉన్నాడు. హవాయిలోని ఓహు దీవిలో చిత్రీకరణ జరిగింది.

ఇంతవరకూ ఇది విమాన ప్రమాదం కథే. చిక్కంతా ఆ తర్వాతే. మంచు ప్రాంతాల్లో బతకాల్సిన తెల్ల ఎలుగుబంటి ఈ ఎండ దీవి అడవిలో ఎదురవుతుంది. చెట్లను వేళ్ళతో సహా పెకిలించే నల్లటి పొగ ఒకటి మనుషుల్ని వెంటాడుతుంది. నాలుగేళ్ళుగా చక్రాల కుర్చీకే పరిమితమైన లాక్ అనే వ్యక్తి ప్రమాదం జరిగిన క్షణం నుంచి లేచి నడుస్తాడు. పదహారేళ్ళ కిందట ఎవరో పంపిన ఆపద కబురు రేడియోలో అదేపనిగా వినిపిస్తుంటుంది. నేలలో పాతుకుపోయిన ఇనుప తలుపు ఒకటి బయటపడుతుంది. రెండో సీజన్‌లో దాన్ని తెరిచి దిగితే, లోపల ఒక మనిషి ఉంటాడు. ఒక కంప్యూటరు ఉంటుంది. ప్రతి 108 నిమిషాలకు దానిలో ఆరు అంకెలు కొట్టి మీట నొక్కాలి. నొక్కకపోతే లోకానికే ముప్పంటాడు ఆ మనిషి. అది నిజమో, పిచ్చో చూసేవారికి తెలియదు.

ఎవరి లెక్క వారిది

మొదటి సీజన్ పూర్తికాకుండానే జోస్యాలు పుట్టుకొచ్చాయి.

అందరికంటే ఎక్కువమంది నమ్మినది ఒకటే: విమానం కూలినప్పుడే అందరూ చనిపోయారు, ఇప్పుడు తిరుగుతున్నవి ఆత్మలు. క్రైస్తవుల్లో కొందరి నమ్మకం ప్రకారం, స్వర్గం చేరేలోగా ఆత్మలు శుద్ధి పొందే చోటు ఒకటి ఉంది. ఈ దీవి అదేనని వారి వాదన. దీనికి వారు చూపిన ఆధారాలు తక్కువవేమీ కావు. అంత ఎత్తునుంచి పడిన విమానంలో అంతమంది చెక్కుచెదరకుండా ఎలా బతికారు? ప్రతి ఒక్కరి గతంలో ఏదో తప్పు ఎందుకుంది? కుంటివాడు ఎలా నడిచాడు?

రెండో వర్గం సైన్సు వైపు మొగ్గింది. ఇది ఏదో సంస్థ జరిపే రహస్య ప్రయోగమని, మనుషుల్ని ఎలుకల్లా పెట్టి పరీక్షిస్తున్నారని వీరి లెక్క. నల్లటి పొగ అంటే కంటికి కనబడనంత చిన్న యంత్రాల గుంపేనని చెప్పినవారూ ఉన్నారు. మూడో వర్గం కాలంలో ముందుకు, వెనక్కు ప్రయాణం జరుగుతున్నదని చెప్పింది. ఇదంతా ఒకరి కలేనని, నిద్ర లేస్తే కథ అయిపోతుందని తేల్చేసినవారు ఇంకొందరు.

విచిత్రమేమంటే వీటిలో కొన్ని నిజమయ్యాయి. దీవి మీద 'ధర్మ' అనే పేరుతో ఒక సంస్థ ప్రయోగాలు చేసిందని కథలోనే తేలింది. ఆ పేరు మన మాటే కావడం విశేషం. తెల్ల ఎలుగుబంటిని బోనులో పెట్టి తెచ్చింది కూడా వారే. అయిదో సీజన్‌లో కొందరు పాత్రలు 1970ల నాటి దీవిలోకి వెళ్ళిపడటంతో కాలప్రయాణం లెక్క కూడా నెగ్గింది. కానీ ఈ జవాబులు ప్రేక్షకుల దాహం తీర్చలేదు. సరే, ఇంతకీ దీవి ఏమిటి? అన్న పెద్ద ప్రశ్న అలాగే ఉంది.

బొమ్మ ఆపి చూశారు

జోస్యం చెప్పాలంటే ఆధారాలు కావాలి. వాటికోసం ప్రేక్షకులు పడ్డ శ్రమ మామూలుది కాదు.

2006లో ప్రసారమైన ఒక భాగంలో, చీకట్లో ఇనుప తలుపు మీద గీసిన పటం ఒకటి కొద్ది క్షణాలు కనిపించి మాయమవుతుంది. మామూలుగా చూసేవారికి అందులో ఒక్క ముక్క అర్థం కాదు. అభిమానులు రికార్డు చేసుకున్న ఆ బొమ్మను ఆపి, పెద్దది చేసి, అందులోని లాటిన్ రాతలతో సహా కాగితం మీదికి ఎక్కించారు. అంతకుముందు 2005లో, మీట నొక్కే మనిషి దగ్గర ఒక పుస్తకం క్షణకాలం కనిపించింది. అది ఐర్లండ్ రచయిత ఫ్లాన్ ఓబ్రయన్ నవల 'ద థర్డ్ పోలీస్‌మన్'. ఎన్నడూ ఆ పేరు వినని జనం దుకాణాలకు వెళ్ళి దాన్ని కొన్నారు. ఆ నవలలో కథ చెప్పే మనిషి తాను చనిపోయిన సంగతి తెలియకుండానే తిరుగుతుంటాడు. ఇంకేం, అందరూ చనిపోయారన్న వర్గానికి ఏనుగంత బలం వచ్చింది.

ఇక ఆ ఆరు అంకెలు: 4, 8, 15, 16, 23, 42. అన్నీ కూడితే 108. హర్లీ అనే పాత్ర వీటితో లాటరీ గెలిచి, అప్పటినుంచి కష్టాల పాలవుతాడు. ఇవి అరిష్టమని కథలోనే చెప్పినా జనం వినలేదు. నిజం లాటరీల్లో ఇవే అంకెలు రాసేవారు తయారయ్యారు. సీరియల్ ముగిశాక 2011 జనవరి 4న అమెరికాలో తీసిన 'మెగా మిలియన్స్' లాటరీలో 4, 8, 15, 25, 47, వాటితోపాటు ప్రత్యేక అంకెగా 42 వచ్చాయి. ఆరింటిలో నాలుగు కలిశాయి. వేలమందికి ఒక్కొక్కరికి 150 డాలర్ల వంతున దక్కింది. అరిష్టం ఏమీ జరగలేదు, అదృష్టమూ పెద్దగా కలిసిరాలేదు.

జీడిపాకం సాగిన రోజులు

జె.జె. ఏబ్రమ్స్, డేమన్ లిండెలాఫ్, జెఫ్రీ లీబర్ ఈ సీరియల్ రూపకర్తలు. కథను ముందుకు నడిపిన బాధ్యత మాత్రం లిండెలాఫ్, కార్ల్‌టన్ క్యూజ్ భుజాల మీద పడింది. ప్రేక్షకుల జోస్యాలు వారి చెవిన పడుతూనే ఉన్నాయి. దీవి ఆత్మల లోకం కాదని, అక్కడ జరిగేదంతా నిజంగానే జరుగుతున్నదని వీరు మొదటినుంచీ పదేపదే చెప్పారు. చాలామంది నమ్మలేదు. గుట్టు దాచుకోవడానికి అలా అంటున్నారనే అనుకున్నారు.

అసలు కష్టం వేరే ఉంది. కథకు ముగింపు ఎప్పుడో చెప్పవలసిన టీవీ సంస్థ ఆ తేదీ చెప్పలేదు. చూసేవారున్నంత కాలం నడిపించడం వ్యాపార ధర్మం. అమెరికా టీవీల్లో పద్ధతే అది. ముగింపు ఎన్నేళ్ళ దూరంలో ఉందో తెలియక రచయితలు నిజాలను దాచుకుంటూ, కథను జీడిపాకంలా సాగదీయవలసి వచ్చింది. 2007 ఫిబ్రవరిలో డాక్టరు జాక్ చేతి మీది పచ్చబొట్టు ఎక్కడిదో చెప్పడానికే ఒక భాగం నడిచింది. జనం విసుక్కున్నారు. ముగింపు తేదీ లేకపోతే కథ ఎలా తయారవుతుందో చూపడానికి రచయితలే తర్వాత ఆ భాగాన్ని ఉదాహరణగా చెప్పారు.

2007 మే నెలలో సంస్థ దిగివచ్చింది. ఇంకా 48 భాగాలు, మూడు సీజన్లు, 2010లో ముగింపు అని ప్రకటన వెలువడింది. బాగా నడుస్తున్న సీరియల్‌కు మూడేళ్ళ ముందే ముగింపు తేదీ ప్రకటించడం అప్పట్లో వింత. ప్రేక్షకులకు మాత్రం ఊరట. దారి ఎంత దూరమో తెలిసింది. ఇక జోస్యాలు రెట్టింపయ్యాయి.

చివరి రాత్రి

ఆఖరి సీజన్‌లో రచయితలు కొత్త మెలిక వేశారు. ఒకవైపు దీవి కథ నడుస్తుంటే, రెండోవైపు విమానం కూలకుండా క్షేమంగా లాస్ ఏంజిలిస్‌లో దిగినట్టు ఇంకో కథ చూపించారు. అంతకుముందు దీవిలో హైడ్రోజన్ బాంబు పేలింది కాబట్టి కాలం రెండుగా చీలిందని, చివరికి రెండూ కలుస్తాయని ఎక్కువమంది లెక్క వేశారు. లెక్క చక్కగానే ఉంది. జవాబు మాత్రం అది కాదు.

ఆఖరి భాగాన్ని ఆ రాత్రి అమెరికాలో సుమారు 1 కోటి 35 లక్షల మంది చూశారు. విమానం క్షేమంగా దిగిన ఆ రెండో లోకం మరణం తర్వాతిదని అందులో తేలింది. కొందరు దీవిలోనే చనిపోయారు. కొందరు అక్కడినుంచి బయటపడి ఎన్నో ఏళ్ళు బతికి, తర్వాత చనిపోయారు. ఎవరు ఎప్పుడు పోయినా, అందరూ ఒకరికోసం ఒకరు ఆగి, చివరికి ఒక ప్రార్థనామందిరంలో కలుసుకుంటారు. దీవిలో జరిగింది మాత్రం నిజమే. రచయితలు ఆరేళ్ళుగా చెప్పిన మాట అబద్ధం కాలేదు.

దీవి కథలో జాక్ కత్తిపోటుతో నెత్తురోడుతూ మొదటి రోజు లేచిన వెదురు పొదల్లోకే వచ్చి పడిపోతాడు. అదే కుక్క వచ్చి పక్కన పడుకుంటుంది. పైన ఆకాశంలో తనవారిని తీసుకుని విమానం వెళ్ళిపోతుంటే చూస్తాడు. కన్ను మూస్తాడు. తెరిచిన కన్నుతో మొదలైన కథ మూసిన కన్నుతో ముగిసింది.

అంతటితో గొడవ ఆగవలసింది. ఆగలేదు. చివర పేర్లు వేసే సమయంలో ఏబీసీ వారు కూలిన విమానం శకలాల దృశ్యాలు చూపించారు. మనుషులెవరూ లేని ఒడ్డు, ముక్కలైన విమానం. అది చూసి, అసలు ఎవరూ బతకలేదన్నమాట, మేం మొదటినుంచీ చెప్పిందే నిజం అని పాత జోస్యగాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ దృశ్యాలు కథలో భాగం కాదని, ప్రేక్షకులు తేరుకోవడానికి తామే వేశామని సంస్థ వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. అయినా 'లాస్ట్' చూసినవారిలో అందరూ మొదటే చనిపోయారని ఇప్పటికీ చెప్పేవారు కనిపిస్తూనే ఉంటారు.

చిల్లర ప్రశ్నల బాకీ తీర్చడానికి 2010లో డీవీడీతో పాటు 12 నిమిషాల చిన్న చిత్రం ఒకటి విడుదల చేశారు. దీవి మీదికి ఆకాశం నుంచి తిండి మూటలు ఎలా పడ్డాయన్న ప్రశ్నకు జవాబు అందులో దొరికింది. గ్వామ్ దీవిలోని ఒక గిడ్డంగిలో ఇద్దరు ఉద్యోగులు, తమ సంస్థ ఎప్పుడో మూతపడిందన్న సంగతి తెలియక ఏళ్ళ తరబడి సరుకు పంపుతూనే ఉన్నారట!

పేర్లు లేని ఊరు

ఇటువంటి రగడ ఇదే మొదటిది కాదు. 1967లో బ్రిటన్‌లో 'ద ప్రిజనర్' అనే 17 భాగాల సీరియల్ ప్రారంభమయింది. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చిన ఒక గూఢచారిని ఎవరో మత్తుపెట్టి ఒక ఊరికి తరలిస్తారు. ఆ ఊళ్ళో ఎవరికీ పేరు లేదు. అందరికీ అంకెలే. ఇతడు ఆరో నంబరు. పెత్తనం చేసే రెండో నంబరు మనిషి దాదాపు ప్రతి భాగంలో మారిపోతుంటాడు. మరి అందరి మీదా ఉన్న ఒకటో నంబరు ఎవరు? బ్రిటన్ అంతా ఇదే ప్రశ్న.

హీరోగా వేసిన పాట్రిక్ మెక్‌గూహన్ ఆఖరి భాగాన్ని తానే రాసి, తానే దర్శకత్వం వహించాడు. 1968 ఫిబ్రవరిలో అది ప్రసారమయింది. ఒకటో నంబరు ముసుగు లాగితే కింద కోతి ముసుగు. దాన్నీ లాగితే హీరో ముఖమే! ఏదో పెద్ద విలన్ బయటపడతాడని ఎదురుచూసినవారు టీవీ కేంద్రాలకు ఫోన్లు చేసి కోప్పడ్డారు. అయితే చాలా భాగాల మొదట్లో ఒకటో నంబరు ఎవరని ఆరో నంబరు అడుగుతాడు. దానికి వచ్చే ఇంగ్లీషు జవాబును ఒకచోట ఆగి చదివితే 'నువ్వే' అన్న అర్థం వస్తుందని అభిమానులు తర్వాత కనిపెట్టారు. జవాబు వారం వారం కళ్ళ ముందే ఉన్నదన్నమాట. చిత్రీకరణ జరిగిన వేల్స్‌లోని పోర్ట్‌మేరియన్ అనే సముద్రతీర గ్రామాన్ని చూడడానికి అభిమానులు ఇప్పటికీ వెళుతుంటారు.

జోస్యం నిజమైతే?

అభిమాని చెప్పిందే నిజమైతే రచయిత గతేమిటి? 'బాబిలన్ 5' అనే అంతరిక్ష సీరియల్ రచయిత జె. మైకేల్ స్ట్రజిన్‌స్కీకి 1990లలో ఈ చిక్కే వచ్చింది. కంప్యూటర్ ద్వారా అభిమానులతో ముచ్చటించే అలవాటు ఆయనకు ఉంది. తాను రాయదలచిన ఒక భాగం ఆలోచననే ఒక అభిమాని బయటికి చెప్పేశాడు. రేపు ఆ అభిమాని తన కథ కాజేశారని దావా వేస్తే? అందుకని ఆ రచనను పక్కన పెట్టి, అభ్యంతరం లేదని అతడు సంతకం చేసి ఇచ్చాకనే తీశారు. 1995లో అది ప్రసారమయింది.

2016లో హెచ్‌బీఓలో మొదలైన 'వెస్ట్‌వరల్డ్' కథ ఇంకొక రకం. మనుషుల్ని పోలిన మరమనుషుల మీద నడిచే ఈ సీరియల్‌లో, ఒకేసారి జరుగుతున్నట్టు కనిపించేవి నిజానికి ఏళ్ళ తేడాతో జరిగిన రెండు కథలని, మంచి యువకుడు విలియం, నల్లదుస్తుల ముసలి దుర్మార్గుడు ఒక్కరేనని ప్రేక్షకులు ముందే పట్టేశారు. డిసెంబరులో సీజన్ ఆఖరి భాగం అదే తేల్చింది. రచయితలు జొనథన్ నోలన్, లీసా జాయ్ 2018 ఏప్రిల్‌లో బదులు తీర్చుకున్నారు. వెయ్యిమంది అభిమానులు సరేనంటే రెండో సీజన్ కథంతా ముందే చెప్పేస్తామన్నారు. వెయ్యిమంది ఇట్టే సరేనన్నారు. తీరా చూస్తే ఆ వీడియోలో నటి ఒక పాత పాట పాడటం, ఆ తర్వాత పియానో ముందు కూర్చున్న కుక్క!

నవ్వులాటకు చివర చేదు కూడా తగిలింది. అయిదు సీజన్లతో ముగించాలన్నది రచయితల ఆలోచన. నాలుగోది పూర్తయ్యాక 2022 నవంబరులో సంస్థ సీరియల్‌ను ఆపేసింది. ఇక ఎవరి జోస్యం సరైనదో తేలే అవకాశమే లేదు. నచ్చని ముగింపు మీద పోట్లాడుకోవచ్చు. రాని ముగింపుతో ఏం చేస్తారు?

నమ్మకం మీద నడిచే ఆట

ముగింపు ఊహించే ప్రేక్షకుడు కథను చెడగొట్టేవాడు కాదు. కథకు తుదీ మొదలూ ఉన్నాయని, రచయిత దగ్గర జవాబు ఉందని నమ్మినవాడే ఆ శ్రమ పడతాడు. వారపత్రికలో సీరియల్ చివర 'సశేషం' అన్న మాట చదివి, వచ్చే సంచిక దాకా ఆగలేక ఇంట్లోవారితో పందెం కాసిన పాఠకుడూ ఆ కోవవాడే. 'లాస్ట్' మీద కోపగించినవారి బాధ తమ లెక్క తప్పిందని మాత్రమే కాదు. వారు ఆరేళ్ళు అడిగింది దీవి ఏమిటని. రచయితలు చివరికి చెప్పింది ఆ మనుషులు ఒకరికొకరు ఏమయ్యారని. అడిగిన దానికి కాక వేరే దానికి జవాబు వస్తే, ఆ జవాబు ఎంత బాగున్నా అప్పు తీరినట్టు అనిపించదు.

ఏ ప్రశ్నా పట్టించుకోకుండా ఆ మనుషులనే చూస్తూ వచ్చినవారికి మాత్రం ఆ ముగింపు నచ్చింది. ఆఖరి దృశ్యంలో కుక్క వచ్చి పక్కన పడుకోవడం వారికి చాలు. ఈ రెండు వర్గాల మధ్య వాదన 2010 మే 23 రాత్రి మొదలయింది. కథ కంచికి వెళ్ళింది గానీ, వాదించేవారు ఇంకా ఇంటికి చేరలేదు.